తెల్లవారితే పెద్దవాళ్లం

పరకాల దగ్గర మా ఊళ్లో నా ఈడువాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. బడిలో వేసేటప్పుడు పంతులుగారు చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుతుందో లేదో చూసి, తోచిన తేదీ రాసుకునేవారు. కానీ ఎవరు ఎప్పుడు పెద్దవాళ్లయ్యారో మాత్రం ఊరందరికీ గుర్తుండేది. ఫలానా వాడు ఏ నూలు పున్నమికి జంధ్యం వేసుకున్నాడు, ఏ ఏరువాకకు మేడి పట్టాడు, ఏ కాటమయ్య పండుగ దాటాక తాడు, అంటే కల్లు గీసే తాటిచెట్టు ఎక్కాడు అని అడిగితే అరుగు మీద కూర్చున్న ఏ అవ్వయినా చెప్పేది. చెరువు అలుగు పోసిన ఏడే కదా వాడు నాగలి పట్టింది అని లెక్క కట్టేవారు.

ఈ మధ్య ఏ పెళ్లిలో కలిసినా మా వయసువాళ్ల నోట ఒకటే మాట వింటున్నాను. పిల్లలకు చదువులు వచ్చాయి, జీతాలు వచ్చాయి, పెద్దరికం మాత్రం రాలేదని. పాత పద్ధతులు మళ్లీ తెస్తే బాగుపడతారని కొందరంటారు. పోయిన కాలాన్ని తవ్వుకోవడం దేనికని కొందరంటారు. రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. ఆ పద్ధతుల్లో పెరిగినదాన్ని, తర్వాత ఉద్యోగమంతా పిల్లల మధ్యే గడిపినదాన్ని కాబట్టి నాకు గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తున్నాను.

మాది పద్మశాలి ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, దాని పక్కన రాట్నం. కండెలు చుట్టడం పిల్లల పని. బడి నుంచి రాగానే అన్నయ్య, నేను, చెల్లెలు వంతులు వేసుకుని చుట్టేవాళ్లం. మగ్గం మీద మాత్రం పిల్లల చెయ్యి పడనిచ్చేవారు కాదు. పడుగు మీదుగా చెయ్యి చాపినా సరే బాపు గొంతు లేచేది.

శ్రావణ పౌర్ణమిని మావాళ్లు నూలు పున్నమి అంటారు. ఆ రోజు ఇంట్లో మగవాళ్లు తలస్నానం చేసి, మార్కండేయుణ్ణి తలచుకుని కొత్త జంధ్యం వేసుకుంటారు. అన్నయ్యకు మొదటిసారి జంధ్యం వేసిన నాటి తంతు నాకు పెద్దగా గుర్తు లేదు. మర్నాటి పొద్దు మాత్రం నిన్న జరిగినట్టే ఉంది. బాపు ఎప్పటిలాగే మగ్గం దగ్గరికి వెళ్లాడు కానీ గుంటలో కాళ్లు పెట్టలేదు. పక్కకు జరిగి నిలబడి అన్నయ్యను పిలిచి, "కూర్చో" అన్నాడు. ఏళ్ల తరబడి బాపు కూర్చుని కూర్చుని నునుపెక్కిన పలక అది. అన్నయ్య దాని మీద అంచున కూర్చుంటే కాళ్లు తొక్కుడు కర్రలకు సరిగా అందలేదు. పడుగు మధ్య అటూ ఇటూ తిరిగే నాడె రెండుసార్లు జారి కింద పడింది. పోగులు తెగాయి. బాపు కసురుకుంటాడేమోనని అమ్మ వంటగది గడపలో నిలబడి చూస్తోంది. బాపు వంగి, తెగిన పోగు కొసలు రెండూ వేళ్ల మధ్య నలిపి అతికించి చూపించాడు. తర్వాత తెగినదాన్ని అన్నయ్యనే అతకమన్నాడు. ఆ పూటంతా నేసింది జానెడు బట్ట కూడా లేదు.

రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు అమ్మ బాపు పక్కన ఇంకో పీట వేసింది. అప్పటిదాకా మాతో కలిసి పొయ్యి దగ్గర తినే అన్నయ్య ఆ పీట మీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అన్నయ్య కూడా రెండో ముద్ద కోసం మాతో కొట్లాడలేదు. తెల్లవారి నుంచి సంతకు పోయి నూలు తెచ్చే పని, చేబదులు లెక్క గుర్తుపెట్టుకునే పని వాడి మీద పడ్డాయి. మా మీద పెత్తనం కూడా పెరిగిందనుకోండి, అది వేరే సంగతి.

మా వెనకింటివాళ్లు గౌడులు, కల్లు గీసేవాళ్లు. వాళ్ల అబ్బాయి నాకంటే కొంచెం పెద్ద. వాడు మొదటిసారి తాడెక్కిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఎండాకాలం, ముంజల కోసం తెల్లవారకముందే పిల్లలందరం చెరువు వెనక తాటివనానికి పోయాం. వాడి తాత చెట్టు మొదట్లో నీళ్లు చల్లి, పసుపు కుంకుమ పెట్టి, గౌడుల దేవుడు కాటమయ్యకు మొక్కి కొబ్బరికాయ కొట్టాడు. వాడి కాళ్లకు గుజి, అంటే పాదాలు కలిపి పట్టే తాడు వేశాడు. మోకు చెట్టు చుట్టూ, నడుము చుట్టూ తిప్పి ముడి వేసి, రెండు చేతులతో లాగి చూశాడు. ఆ ముడి విప్పి, వాడి చేత మళ్లీ వేయించాడు. అది కూడా లాగి చూశాడు.

"కిందికి చూడకు, పైకీ చూడకు బిడ్డా. ముక్కు ముందు ఉన్న చెట్టు తోలు చూడు" అన్నాడు.

వాడు ఎక్కాడు. కాళ్లు బిగించి, మోకు పైకి విసిరి, మళ్లీ కాళ్లు లాక్కుని, సగం దాకా బాగానే పోయాడు. అక్కడ ఆగిపోయాడు. ఎంతసేపటికీ కదలడు. కింద వాళ్ల అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లలం గుసగుసలాడుతుంటే తాత వేలు చూపించి మమ్మల్ని నోరు మూయించాడు. ఆయన పైకి అరవలేదు, ధైర్యం చెప్పలేదు, దిగిరమ్మనలేదు. చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. పొద్దంతా ఖాళీగా ఉన్నవాడిలా తాపీగా పొగ వదులుతూ కూర్చున్నాడు. చుట్ట సగం కాలేసరికి పైన మోకు చప్పుడు మళ్లీ మొదలైంది.

దిగి వచ్చేసరికి వాడి తొడలు, ఛాతీ గీరుకుపోయి నెత్తురు కారుతోంది. కల్లు లొట్టిలోంచి మొదటి చుక్కలు తాత నేల మీద వదిలాడు. ఆ సాయంత్రం కల్లు అమ్మే మండువాలో ఊరి పెద్దలు ఫలానా పిల్లవాడు దించిన కల్లు ఏదని అడిగి మరీ పోయించుకున్నారట. అంతవరకు అరేయ్ ఒరేయ్ అని పిలిచినవాళ్లు మర్నాటి నుంచి పేరు చివర గౌడ్ చేర్చి పిలిచారు. నేను కూడా అలాగే పిలవాలని అమ్మ చెబితే నాకు నవ్వొచ్చింది. నిన్నటిదాకా కలిసి చింతకాయలు రాల్చుకున్నవాడు కదా! కానీ రెండు రోజుల్లో అలవాటైపోయింది. వాడి నడకే మారింది మరి.

ఇంత శ్రమలేని గడప ఒకటి మా ఇళ్లలో ఉండేది. భాద్రపద అమావాస్యను మా వైపు పెత్రామాస అంటారు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడేదీ ఆ రోజే. పొద్దున పెద్దల పేరు మీద చాటలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇస్తారు. ఇచ్చేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరుసగా చెప్పాలి. ఇంటి పెద్ద చెబుతుంటే పిల్లలు వింటూ నిలబడేవారు. ఒక ఏడు హఠాత్తుగా ఇంటి పెద్ద వెనక్కి తిరిగి కొడుకుతో "నువ్వు చెప్పు" అనేవాడు. ముందుగా చెప్పి ఉంచేవారు కాదు. ఇన్నేళ్లూ చెవిన పడుతున్న పేర్లు నోటికి వచ్చాయా లేదా అన్నదే పరీక్ష. తడబడితే పక్కనున్న పెదనాన్నో చిన్నాన్నో అందించేవారు. నవ్వేవారు కాదు. ఆడపిల్లలను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ పేర్లన్నీ నాకూ వచ్చు. అన్నయ్య కంటే ముందే వచ్చు. ఆ బాధ నాకు చాలా కాలం ఉంది.

ఆడపిల్లల సంగతి ఇంకోలా ఉండేది. నేను పెద్దమనిషి అయినప్పుడు అమ్మమ్మను కబురు పెట్టి పిలిపించారు. ఇంటి మూల ఈతచాప వేసి, అడ్డంగా రోకలి పెట్టారు. నాకు వేరే కంచం, వేరే చెంబు. ఎవరినీ తాకకూడదు. మొదటి రోజు ఏడుస్తూనే ఉన్నాను. ఏమైందో నాకు తెలియదు, చెప్పేవాళ్లు లేరు. అమ్మమ్మ రాగానే రోకలికి ఇవతల పీట వేసుకుని కూర్చుని, నువ్వులు బెల్లం దంచిన ముద్ద నా చేతిలో పెట్టింది. ఎండుకొబ్బరి, మినుములు, నెయ్యి, ఏ పూటకు ఏది పెట్టాలో ఆమె చూసుకుంది. తినిపిస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. నెల నెలా ఏమవుతుందో, ఎందుకవుతుందో, ఏ బట్ట ఎలా ఉతకాలో, ఎక్కడ ఆరేయాలో, నడుము నొప్పికి ఏం తాగాలో. మగవాడి చూపులో ఏది మంచిదో ఏది కాదో. బిడ్డ కడుపులో ఎలా పడుతుందో కూడా చెప్పింది. చదువు రాని మనిషి. నేను తర్వాత శిక్షణ కళాశాలలో పుస్తకాల్లో చదివిన దానికంటే ఆవిడ తేటగా చెప్పింది. సిగ్గుపడి తల తిప్పుకుంటే గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకునేది. "ఇది నీ ఒళ్లు బిడ్డా. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి" అంది.

తొమ్మిదో రోజు స్నానం చేయించి, మేనమామ తెచ్చిన చీర కట్టి పీట మీద కూర్చోబెట్టారు. చుట్టాలంతా ఉన్నారు. అక్షింతలు వేసేటప్పుడు మేనమామ లేచి, "పిల్ల చదువు మానదు. పరకాల హైస్కూలుకు పంపిస్తున్నాం. ఖర్చు నాది" అన్నాడు. బాపు ముందు రోజు దాకా ఎటూ తేల్చుకోలేదు. నలుగురిలో మేనమామ అన్న మాట మీద ఇంకెవరూ మాట్లాడలేదు. నేను పంతులమ్మనయ్యానంటే ఆ పీట మీద పడిన మాట వల్లే.

నా స్నేహితురాలు ఒకామె అదే ఏడు పెద్దమనిషి అయ్యింది. అదే ఈతచాప, అవే నువ్వుల ముద్దలు. ఆమె పీట మీద కూర్చున్న రోజున చుట్టాలు పెళ్లి మాట ఖాయం చేశారు. మళ్లీ బడికి రాలేదు. 1978లో ఆడపిల్ల పెళ్లి వయసును చట్టం 18 ఏళ్లకు పెంచింది కానీ, అప్పటికే ఆమె చంకలో బిడ్డ ఉంది. పాత పద్ధతులన్నీ బంగారం అనేవాళ్లతో నా పేచీ ఇక్కడే. ఆ చాప మీద ముట్టూ మైలా అని మూలన కూర్చోబెట్టడాన్ని నేను ఒప్పుకోను. ఒక ఇంటి తంతుకు ఇంకో కులం పిల్లలను గడప బయటే నిలబెట్టడాన్నీ ఒప్పుకోను. కానీ అమ్మమ్మ నాతో గడిపిన ఆ రోజులు ఇవాళ ఏ ఆడపిల్లకు దొరుకుతున్నాయి? మేనమామ నలుగురిలో ఇచ్చినటువంటి మాట ఎవరిస్తున్నారు? పోగొట్టుకున్నది అదీ. ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుంటే అది తిరిగి రాదు.

ఎందుకు పోయాయి ఇవన్నీ? టీవీలు, ఫోన్లు చెడగొట్టాయని అందరూ అంటారు. నా కళ్ల ముందు జరిగింది వేరు. పని ఊరు విడిచిపోయింది. వరంగల్‌లో 1934లో పెట్టిన అజంజాహి మిల్లు మా వాళ్లలో ఎందరికో అన్నం పెట్టింది, చివరికి 2002లో మూతపడింది. మరమగ్గాలు వచ్చాక ఊళ్లలో చేమగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. భివండీ, సూరత్, షోలాపూర్ వెళ్లే రైళ్లలో మా పద్మశాలి కుటుంబాలు మూటలతో ఎక్కాయి. అన్నయ్య కూడా పెళ్లయిన కొత్తలోనే భివండీ వెళ్లిపోయాడు. మా మగ్గం గుంట పూడ్చి పైన బండలు పరిచారు. మగ్గమే లేని ఇంట్లో కొడుక్కు ఏ పలక చూపించి కూర్చోమనాలి? జంధ్యం మిగిలింది, మర్నాటి పొద్దు పోయింది. అరక స్థానంలో ట్రాక్టరు వచ్చింది, మేడి పట్టే పని పోయింది. తంతుకు పని వెన్నెముకగా ఉండేది. అది తీసేశాక మిగిలిన దాన్ని ఫొటోలు తీసుకుంటున్నాం.

ఉద్యోగంలో చేరాక నర్సంపేట, మహబూబాబాద్ వైపు లంబాడా తండాల్లో చాలా కాలం పనిచేశాను. అక్కడ తీజ్ చూసినప్పుడు నాకు మా ఊరి కన్నెపిల్లల ఆట బొడ్డెమ్మ గుర్తొచ్చింది. శ్రావణంలో పెళ్లికాని లంబాడా పిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలను మంచె మీద పెట్టి తొమ్మిది రోజులు బావి నీళ్లు తెచ్చి పోస్తారు. ఆ తొమ్మిది రోజులూ ఉప్పు లేని తిండి. మొలకలు పచ్చగా ఏపుగా వస్తే తండాకు మంచిదంటారు. నా తరగతిలో బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయే ఒక అమ్మాయి ఆ తొమ్మిది రోజులూ తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, చిన్న పిల్లలను నిద్రలేపి బావికి నడిపించుకుపోయేది. తండా నాయక్ ఆ పనిని ఆమెకు అప్పగించాడు. తొమ్మిదో రోజు బుట్టలు నీళ్లలో వదిలేటప్పుడు ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తారు. అన్నదమ్ములు వాళ్ల కాళ్లు కడిగి ఓదారుస్తారు. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లలు వంగి అక్కాచెల్లెళ్ల కాళ్లు కడగడం నేను అక్కడే చూశాను. మర్నాడు బడిలో వాళ్లలో ఎవరూ ఆడపిల్లల జడలు లాగలేదు.

పెళ్లి కుదిరిన లంబాడా అమ్మాయికి పెద్ద ఆడవాళ్లు ఢావ్లో నేర్పిస్తారు. పుట్టింటిని విడిచిపోతూ పాడే ఏడుపు పాట అది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎవరి మెడ పట్టుకుని ఏ మాట అనాలో అన్నీ కూర్చోబెట్టి నేర్పిస్తారు. దుఃఖాన్ని కూడా ఒకరు నేర్పాలన్న సంగతి నాకు తండాలోనే తెలిసింది.

మా తోటి ఉపాధ్యాయురాలిది ఉట్నూరు ప్రాంతం. ఆమె వెంట ఒకసారి కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా జాతరకు వెళ్లాను. పుష్య అమావాస్య రాత్రి, చలి ఎముకలు కొరుకుతోంది. మెస్రం వంశంవాళ్లు గోదావరిలో హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచి వెళ్లి తెచ్చిన నీళ్లతో అర్ధరాత్రి మహాపూజ చేశారు. ఆ తర్వాత భేటింగ్. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని, ముసుగు వేసుకుని వరుసగా వచ్చారు. వెంట పెద్ద ఆడవాళ్లు. ఒక్కొక్కరినీ నాగోబాకు చూపించి, పెద్దలకు పరిచయం చేసి మొక్కించారు. భేటింగ్ అయ్యేదాకా పెళ్లయినా ఆ కోడలు వంశంలో పూర్తి మనిషి కాదు. ఆ రాత్రితో అయిపోతుంది. ఇక పూజల్లో ఆమెకూ చోటుంటుంది, పనీ ఉంటుంది. సిరికొండలో చేయించిన మట్టికుండలతో నీళ్లు మోసి పుట్ట తయారుచేసే పని ఆడపడుచులు, అల్లుళ్లు, కోడళ్లదే. మా ఇళ్లలో కొత్తకోడలు ఏళ్లు గడిచినా ‘పరాయింటి పిల్ల’గానే ఉండిపోతుంది. వాళ్లు ఒక్క రాత్రిలో, అందరూ చూస్తుండగా ఆమెను తమ మనిషిని చేసుకున్నారు. నేను ఆ చలిలో తెల్లవారేదాకా నిలబడి చూశాను.

పునరుద్ధరణ అని ఇప్పుడు పెద్ద మాటలు వాడుతున్నారు కానీ, దాన్ని మాట్లాడకుండా చేసి చూపించిన మనిషి ఒకరున్నారు. మార్లవాయి ఊరి గోండు కళాకారుడు కనకరాజు. దీపావళి ముందు గోండుల దండారి పండుగలో నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడే గుస్సాడీ నృత్యం ఆయన విద్య. గుస్సాడీ దీక్షలో ఉన్నవాళ్లు ఆ రోజులన్నీ నేల మీదే పడుకుంటారు, స్నానం చేయరు. వేషం వేసుకున్నంత మాత్రాన గుస్సాడీ అయిపోరు. కనకరాజు ఎందరో పిల్లలకు అడుగులు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ముందుండి ఆడుతున్నారు. నేర్పేవాడు ఉంటే నేర్చుకునేవాళ్లు ఉంటారు.

మన ఊళ్లలో, పట్నంలో ఇప్పుడు ధోతుల ఫంక్షన్, ఓణీల ఫంక్షన్ చేయని ఇల్లు లేదు. తల్లిదండ్రులు ప్రేమతోనే చేస్తున్నారు, అప్పు చేసి మరీ చేస్తున్నారు. హన్మకొండలో ఒక హాలులో మా బంధువుల అబ్బాయికి పంచె కట్టారు. ఫ్లెక్సీలు, పూల గుర్రం, పైన డ్రోను. పిల్లవాడు ముచ్చటగా ఉన్నాడు. మర్నాడు వాళ్ల ఇంటికి వెళ్లాను. వాడు మంచం మీద ఫోను చూసుకుంటూ, నీళ్ల గ్లాసు తెమ్మని తల్లిని కేకేశాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. నాకు వాడి మీద కోపం రాలేదు. నిన్న అంతమంది కలిసి వాడి నడుముకు పంచె చుట్టారు, చేతిలో మాత్రం ఏమీ పెట్టలేదు.

పిల్లలకు ఇప్పుడు మనం మిగిల్చిన గడప ఒక్కటే, పరీక్ష. పదో తరగతి, ఇంటర్, ఆపైన ర్యాంకు. దాటినవాడి ఫొటో బస్టాండులో కడతాం. దాటనివాడి వైపు ఎవరూ చూడరు. 2019లో ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నేను మర్చిపోలేను. ఎన్ని ఇళ్లలో ఎంత ఏడుపు! ఆ వార్తలు చూస్తున్నంతసేపూ నాకు తాటిచెట్టు సగంలో ఆగిపోయిన పిల్లవాడు, కింద చుట్ట వెలిగించుకుని కూర్చున్న తాత కళ్లలో మెదిలారు. పాత గడపలు ఎవరినీ వెనక్కి పంపేవి కావు. పోగు తెగితే అతికించుకోమనేవారు, పేరు మరిచిపోతే అందించేవారు, చెట్టు మీద ఆగిపోతే కింద కూర్చునేవారు. మన పిల్లలకు కావలసింది ఆ కూర్చునే మనిషి.

పదవీ విరమణ తర్వాత మళ్లీ ఊళ్లోనే ఉంటున్నాను. నలుగురైదుగురు ఆడవాళ్లం కలిసి బొడ్డెమ్మను తిరిగి పెట్టించాం. బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు ఆడే ఆట అది. పీట మీద పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి రోజూ సాయంత్రం చుట్టూ తిరుగుతారు. మా చిన్నప్పుడు ఒక్కో వాడకు ఒక్కో బొడ్డెమ్మ ఉండేది, వాడంటే కులమే. ఇప్పుడు ఊరంతటికీ ఒకటే, బడి ఆవరణలో. మన్ను తేవడం దగ్గర నుంచి చివరి రోజు నిద్రపుచ్చే పాట పాడి నీళ్లలో వదలడం దాకా పిల్లలే చేస్తారు. ఆట అయ్యాక వాళ్లను కూర్చోబెట్టుకుని మాట్లాడతాం. మా అమ్మమ్మ చెప్పినవన్నీ చెబుతాం. రోకలి అడ్డం లేకుండా. ఆరోగ్య కార్యకర్త కూడా వస్తుంది. మొదట తల్లులు మొహమాటపడ్డారు. ఇప్పుడు వాళ్లే వెనక వరుసలో కూర్చుని వింటున్నారు, ప్రశ్నలు ఎక్కువగా వాళ్లవే.

మగపిల్లల విషయం ఇంకా తేలలేదు. గౌడుల తాత మనవడు, అదే ఆ రోజు చెట్టు మీద ఆగిపోయినవాడు, ఇప్పుడు వాడే తాత అయ్యాడు. పిల్లలకు చెట్టు ఎక్కడం నేర్పమని కొందరు అడిగితే ఒప్పుకోలేదు. మోకు జారి పడి నడుములు విరిగినవాళ్లను చాలామందిని చూశానన్నాడు. 2024 నుంచి ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇస్తోంది, అవి ఉన్నా సరే సరదా కోసం ఎవరినీ ఎక్కించనన్నాడు. ఆయన మాటే సబబని నాకు అనిపించింది. బతుకుదెరువు కాని పనిని తంతు కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం తప్పు. తాడెక్కించే బదులు చెరువు తూము, కాలువలు, పొలాల హద్దురాళ్లు చూపిస్తానని పిల్లలను వెంట తిప్పుతున్నాడు. ఏ రాయి ఎవరి తగాదాలో పాతిందో కూడా చెబుతాడు.

మా చెల్లెలి మనవడికి కిందటేడు పంచె కట్టారు. ఫంక్షన్ వద్దని నేను అనలేదు. దానికి ముందు నెల రోజులు వాణ్ణి వాళ్ల మేనమామకు అప్పగించమని మాత్రం అడిగాను. మేనమామ వాణ్ణి వెంటబెట్టుకుని బ్యాంకులో ఖాతా తెరిపించాడు, పొలం కాగితాలు చదివించాడు, పప్పు, అన్నం వండించాడు. జబ్బుపడిన తాత మంచం పక్కన ఆసుపత్రిలో ఒక రాత్రి వాడొక్కణ్ణే కూర్చోబెట్టాడు. ఆ రాత్రి తాతకు పక్క బట్టలు మార్చింది వాడే. ఫంక్షన్ రోజు పంచె కట్టాక మేనమామ నలుగురిలో నిలబడి, ఇక నుంచి ఇంటి కరెంటు బిల్లు, తాత మందులు వీడి పూచీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు చప్పట్లకు నవ్వలేదు, తల ఊపాడు. మందులు ఇప్పటిదాకా ఒక్క పూట కూడా తప్పలేదని చెల్లెలు చెబుతోంది.

ఆ తర్వాత వచ్చిన పెత్రామాసకు పేర్లు చెప్పమని వాణ్ణీ, వాడి చెల్లెల్నీ ఇద్దరినీ అడిగాం. ఆడపిల్లను అడగడం మా ఇంట్లో అదే మొదలు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు ఇద్దరూ చెప్పారు. చెల్లెలు అక్కడితో ఆగకుండా, తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ, ఆ పై అవ్వ పేర్లు కూడా చెప్పాలి కదా అంది. ఆ పై అవ్వ పేరు దగ్గర అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా బాపు తల్లి. మేమంతా అవ్వ అనే పిలిచాం, అసలు పేరు ఎవరికీ తెలియదు. బాపు ఉన్నప్పుడు అడగాలని నాకూ తోచలేదు. భివండీలో ఉన్న మా పెద్దత్తకు తెలిసి ఉండాలి, తొంభై దాటిన మనిషి. ఫోనులో మాట వినబడదు, ఎదురుగా కూర్చుని చెవి దగ్గర అడగాలి. ఎవరు వెళ్లాలన్న మాట వచ్చినప్పుడు మనవడు తను వెళ్తానన్నాడు. వరంగల్‌లో రైలెక్కి కల్యాణ్‌లో దిగాలి, అక్కణ్ణుంచి అన్నయ్య కొడుకు తీసుకెళ్తాడు. దసరా దాటిన వారానికి టికెట్ తీసుకున్నాడు. చెల్లెలు తనూ వస్తానని పట్టుబట్టి, అత్తను అడగాల్సిన ఇంకో ఏడెనిమిది పేర్లు నోటుబుక్కులో రాసుకుని కూర్చుంది. ఆమె టికెట్ డబ్బులు నేనే ఇచ్చాను.